పాత ఆటలకు రిజల్యూషన్ పెంచితే పడే గీతలు, నీడలు: ఎమ్యులేటర్ లోపమా, మనం కోరి తెచ్చుకున్నదా?

మిర్చియార్డు (గుంటూరు):

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకు లక్ష్మీపురంలోని మా అపార్టుమెంటు వారంతా కలిసి పిల్లల కోసం, నిజం చెప్పాలంటే పిల్లల వంకతో మా కోసం, పాత ప్లేస్టేషన్ 2 ఆటలు ఆడుకునే ఏర్పాటు ఒకటి చేస్తున్నాం. 55 అంగుళాల 4కే టీవీ, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు, అందులో పీసీఎస్ఎక్స్2 (ఆ పాత యంత్రంలా ప్రవర్తిస్తూ దాని ఆటలను కంప్యూటరులో నడిపే ప్రోగ్రామ్, అంటే ఎమ్యులేటర్) సిద్ధంగా ఉన్నాయి. డిస్కులూ బయోసూ (కన్సోల్ ఆన్ చేయగానే నడిచే దాని లోపలి ప్రోగ్రామ్) మా సొంత కన్సోల్ నుంచి తీసుకున్నవే కనుక ఆ విషయం మీద ఇక్కడ చర్చ అవసరం లేదు.

చిక్కంతా బొమ్మ దగ్గర వచ్చింది. రిజల్యూషన్‌ను అసలు స్థాయిలో ఉంచితే అంత పెద్ద తెర మీద ప్రతి అంచూ మెట్లు మెట్లుగా కనిపిస్తోంది. 4 రెట్లకు పెంచితే ముఖాలు, గోడల అంచులు, దూరపు చెట్లు చక్కగా తేరుకుంటున్నాయి గానీ, కొన్ని ఆటల్లో తెర పొడవునా సమాన దూరంలో నిలువు గీతలు పడుతున్నాయి. ఇంకొన్నింటిలో వెలుతురు ఎక్కువగా ఉన్న ప్రతిచోటా అసలు బొమ్మకు కాస్త పక్కగా పలచని నీడ బొమ్మ ఒకటి తేలుతోంది. మా కమిటీలో ఒకరు అసలు రిజల్యూషనే పెట్టాలంటున్నారు, మరొకరు గీతలున్నా సరే 4 రెట్లే కావాలంటున్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇన్ని రెట్లు పెంచుకోవచ్చని మెనూలో చూపించినవారే, అన్ని రెట్లలోనూ బొమ్మ సరిగా వచ్చే పూచీ కూడా తీసుకోవాలి. ఆట పాతదని, యంత్రం పాతదని చెప్పి తప్పుకోవడం నాకు సమంజసంగా అనిపించడం లేదు. మీరేమంటారు?

కొండపల్లిబొమ్మ (విజయవాడ):

మిర్చియార్డు గారూ, మన తేడా ఆ ‘పూచీ’ దగ్గరే మొదలవుతోంది. ఎమ్యులేటర్ తీసుకోగల పూచీ ఒక్కటే: 2000 మార్చిలో జపాన్‌లో విడుదలైన ఆ యంత్రం ఏ ఆదేశం అందుకుంటే ఏ బొమ్మ గీసేదో, అదే ఆదేశానికి అదే బొమ్మ గీయడం. ఆ యంత్రం 4 రెట్ల బొమ్మను ఏనాడూ గీయలేదు. కాబట్టి 4 రెట్లలో ఏది ఒప్పు, ఏది తప్పు అని సరిచూసుకోవడానికి మూలప్రతి అంటూ లేదు. లేని మూలప్రతితో పోల్చి లోపం అనడం న్యాయం కాదు.

గీతలు సమాన దూరంలోనే ఎందుకు పడుతున్నాయో చూస్తే విషయం తేటపడుతుంది. ప్లేస్టేషన్ 2లో బొమ్మ గీసే చిప్పును గ్రాఫిక్స్ సింథసైజర్ అంటారు. దానికున్న వీడియో మెమరీ 4 మెగాబైట్లే, కానీ అది చిప్పులోనే ఇమిడి ఉండటం వల్ల సెకనుకు 48 గిగాబైట్ల వేగం దానికి అందేది. ఈ వేగాన్ని చూసుకుని ఆటలు రాసినవారు ఒక పద్ధతి అలవాటు చేసుకున్నారు: దృశ్యాన్ని ఒకసారి గీయడం, గీసిన తెరనే మళ్లీ టెక్స్చర్‌గా (ఆకారాల మీద అతికించే చిత్రంగా) తీసుకోవడం, దాన్ని కుదించి, మసకబరిచి, తిరిగి తెర మీదే పరచడం. ఎండ వెలుగు పొంగినట్టు కనిపించడం, దూరంలో ఉన్నవి మసకబారడం, ఇవన్నీ ఎక్కువగా ఇలా పుట్టినవే. ఆ మెమరీ 8 కిలోబైట్ల పేజీలుగా ఉంటుంది. 32 బిట్ల రంగులో ఒక్కో పేజీ 64 పిక్సెళ్ల వెడల్పు, 32 పిక్సెళ్ల ఎత్తు. ఒక పేజీలోంచి మరో పేజీలోకి పదే పదే వెళితే వేగం తగ్గుతుంది గనుక, చాలా ఆటలు తెరను మొత్తంగా కాక 32 లేదా 64 పిక్సెళ్ల వెడల్పున్న నిలువు పట్టీలుగా కోసి పరిచేవి. మీ టీవీ మీద కనిపిస్తున్న గీతలు ఆ పట్టీల అతుకులు.

అసలు రిజల్యూషన్‌లో ఆ అతుకులు కనబడవు, ఎందుకంటే గీయాల్సిన ప్రతి పిక్సెల్ కేంద్రం టెక్స్చర్‌లోని చుక్క మీద ఎక్కడ పడాలో వారు లెక్క కట్టి పెట్టుకున్నారు. 4 రెట్లు చేస్తే ఒక్కో పిక్సెల్ స్థానంలో 16 చిన్న పిక్సెళ్లు వస్తాయి. అడ్డంగా చూస్తే వాటి కేంద్రాలు పాత పిక్సెల్ వెడల్పులో 1/8, 3/8, 5/8, 7/8 వంతుల దగ్గర పడతాయి. పట్టీ చివరి పిక్సెల్‌లో 7/8 దగ్గర ఉన్నది, ఫిల్టర్ కారణంగా, పక్కనున్న చుక్క రంగును కూడా కొంత కలుపుకుంటుంది. ఆ పక్క చుక్క ఈ పట్టీకి చెందినది కాదు. ప్రతి పట్టీ చివరా ఇదే జరుగుతుంది, కాబట్టే సమాన దూరంలో గీత.

నీడ బొమ్మది కూడా దాదాపు ఇదే కథ. తెరను మళ్లీ పరిచేటప్పుడు అర పిక్సెల్ పక్కకు జరపమని ఆటలో రాసి ఉంటుంది. అసలు రిజల్యూషన్‌లో ఆ అర పిక్సెల్ పూర్ణ సంఖ్యలోకి సర్దుకుపోతుంది, లేదా కాస్త మెత్తదనంగా మిగులుతుంది. 4 రెట్లలో అది ఖచ్చితంగా 2 చిన్న పిక్సెళ్ల జరుగుడు. ఒకే తెరను వెలుగు కోసం నాలుగైదు సార్లు పరిస్తే, జరుగుడు కూడా అన్నిసార్లు పోగుపడుతుంది. చుక్కల ముగ్గులో ‘ఒక చుక్క వదిలి మలుపు తిప్పు’ అనే పద్ధతిని, అదే వాకిట్లో చుక్కలు నాలుగింతలు దగ్గరగా పెట్టి పాటిస్తే ముగ్గు కలవదు. పద్ధతి చెప్పినవారిలో తప్పు లేదు, వేసిన చేతిలోనూ లేదు. చుక్కలు మార్చింది మనం. అందుకని అసలు రిజల్యూషన్ అంటున్న మీ కమిటీ సభ్యులే సరైనవారని నా నిశ్చితాభిప్రాయం.

బందరురోడ్డు (విజయవాడ):

కొండపల్లిబొమ్మ గారి వివరణలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, తీర్పులో మాత్రం చాలా ఉంది. ముగ్గు పోలిక రెండోసారి పరిచే తెరలకే వర్తిస్తుంది, మొదటిసారి గీసే దృశ్యానికి వర్తించదు. గ్రాఫిక్స్ సింథసైజర్‌కు అందే బిందువుల స్థానాలు పూర్ణ సంఖ్యలు కావు. పిక్సెల్‌లో 16వ వంతు దాకా సూక్ష్మంగా ఉంటాయి. అంటే ఒక భవనపు మూల పిక్సెల్‌లో ఏ భాగాన ఉందో ఆ యంత్రానికి తెలుసు, చూపించడానికే దాని దగ్గర చోటు చాలలేదు. 4 రెట్లలో మనం చూస్తున్నది ఎమ్యులేటర్ కల్పించిన వివరం కాదు, ఆట తయారుచేసినవారు డిస్కులో పెట్టిన వివరమే. దాన్ని చూడకూడదనడం నాకు అర్థం కాని పట్టుదల.

రెండో విషయం, అసలు రిజల్యూషన్ పెడితే అసలు బొమ్మ వస్తుందనే నమ్మకం. అప్పట్లో మన ఇళ్లలో ఉన్నవి 625 వరుసల, సెకనుకు 50 ఫీల్డుల పాల్ (PAL) పద్ధతి టీవీలు. ఒక ఫీల్డులో సగం వరుసలు, తర్వాతి ఫీల్డులో మిగతా సగం గీసేవి. గవర్నరుపేట గేమ్ పార్లర్లలో గంటల లెక్కన ఆడిన మనమంతా చూసింది ఆ గాజు తెర మెత్తదనాన్ని. ఇప్పుడు 448 వరుసల బొమ్మను 2160 వరుసల 4కే టీవీకి పంపితే 2160ని 448 సమానంగా భాగించదు కనుక, టీవీ తనకు తోచినట్టు సాగదీస్తుంది. ఆ సాగిన బొమ్మను 20 ఏళ్ల కిందటి అనుభవం అని ఎవరు ధ్రువీకరిస్తారు? పైగా అప్పట్లో కొన్ని ఆటలు ఒక్కో ఫీల్డుకు 224 వరుసలు మాత్రమే గీసి, ఫీల్డు మారినప్పుడల్లా అర వరుస జరిపేవి. పాత టీవీలో ఆ జరుగుడు కలిసిపోయేది. నేటి టీవీలో అసలు రిజల్యూషన్‌లోనే బొమ్మ పైకీ కిందికీ వణుకుతుంది. కాబట్టి రిజల్యూషన్ పెంచనంత మాత్రాన గ్లిచ్‌లు (బొమ్మలో తప్పులు) రావనుకోవడం కూడా నిజం కాదు.

మూడోది పూచీ సంగతి. పీసీఎస్ఎక్స్2తో పాటే ఆటల సమాచార పట్టిక ఒకటి వస్తుంది. డిస్కు సీరియల్ నంబరు చూసి, ఆ ఆటకు అర పిక్సెల్ సవరణ కావాలా, పట్టీల అంచులు సర్దాలా అన్నది అదే నిర్ణయించుకుని అమలు చేస్తుంది. ఒక్కొక్క ఆటను పరీక్షించి ఆ పట్టికను నింపినవారు మిర్చియార్డు గారు అడిగిన పూచీని తీసుకున్నట్టే కదా.

గోలీసోడా (గుంటూరు):

ఇంత చర్చ అవసరమా? ఎఫ్9 నొక్కితే సాఫ్ట్‌వేర్ రెండరర్ (రెండరర్ అంటే ఎమ్యులేటర్‌లో బొమ్మ గీసే భాగం) వస్తుంది, గీతలు మాయమవుతాయి. ఆడుకోండి.

బందరురోడ్డు (విజయవాడ):

గోలీసోడా గారూ, సాఫ్ట్‌వేర్ రెండరర్ ప్రాసెసర్ మీద, అసలు రిజల్యూషన్‌లోనే గీస్తుంది. గీతలతో పాటు 4 రెట్లు కూడా మాయమవుతాయి, మళ్లీ మొదటికే వచ్చినట్టు.

అయితే ఆ ఎఫ్9 వేరే పనికి చాలా విలువైనది. గ్లిచ్ కనబడగానే ముందు గ్రాఫిక్స్ కార్డు మీద గీసే హార్డ్‌వేర్ రెండరర్‌లోనే రిజల్యూషన్ అసలు స్థాయికి దించి చూడాలి. గ్లిచ్ పోతే అది కేవలం రిజల్యూషన్ పెంచినందువల్ల వచ్చినది. పోకపోతే ఎఫ్9 నొక్కాలి. అప్పుడు పోతే హార్డ్‌వేర్ రెండరర్‌లో లోపం ఉన్నట్టు, దాన్ని రూపకర్తలకు తెలియజేయవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఉంటే బొమ్మ గీయడానికి ముందే ఎక్కడో లెక్క తప్పుతోందని, లేదా ఆ ఆట నిజమైన కన్సోల్ మీద కూడా అలాగే కనిపించేదని అనుకోవాలి. ఈ రెండో అవకాశం మనం మరిచిపోతుంటాం. పాత ఆటల్లో ఉన్న లోపాలన్నీ ఎమ్యులేటర్ ఖాతాలో రాయకూడదు.

బ్రాడీపేట_నాలుగోలైన్ (గుంటూరు):

రిజల్యూషన్ పెంచడం ఒప్పా తప్పా అని అడిగినంతకాలం ఈ చర్చ తెగదని నాకనిపిస్తోంది, ఎందుకంటే ఆట ఇచ్చే ఆదేశాలు రెండు జాతులు. ‘ఈ మూడు బిందువుల మధ్య త్రిభుజం గీయి’ అనేది ఒక జాతి. దానిలో పిక్సెల్ ప్రసక్తి లేదు, ఎన్ని రెట్లయినా పెరుగుతుంది. ‘ఇప్పటికే గీసిన పిక్సెళ్లను తీసుకుని ఇంత జరిపి పరుచు’ అనేది రెండో జాతి. దాని అర్థమంతా పిక్సెల్ కొలత మీదే నిలబడి ఉంటుంది. బందరురోడ్డు గారు మొదటి జాతిని చూసి మాట్లాడుతున్నారు, కొండపల్లిబొమ్మ గారు రెండో జాతిని చూసి. ఒకే ఆటలో, ఒకే ఫ్రేములో రెండూ ఉంటాయి కాబట్టి ఇద్దరికీ ఆధారాలు దొరుకుతూనే ఉంటాయి.

ఇది ఒక్క ప్లేస్టేషన్ 2 విషయం కాదు. 1996లో వచ్చిన నింటెండో 64లో టెక్స్చర్లు పెట్టుకునే ప్రత్యేక మెమరీ 4 కిలోబైట్లే. తెర నిండే నేపథ్య చిత్రం అందులో పట్టదు గనుక ముక్కలు ముక్కలుగా తెచ్చి పక్కపక్కన అతికించేవారు. రిజల్యూషన్ పెంచితే ఆ అతుకులు సన్నని గీతలై బయటపడతాయి. ఆ యంత్రపు ఎమ్యులేటర్లలో బొమ్మ గీసే జీలైడెన్64లో 2డీ భాగాలను మాత్రం అసలు రిజల్యూషన్‌లో గీసే ఎంపిక అందుకే పెట్టారు. గేమ్‌క్యూబ్ ఎమ్యులేటర్ డాల్ఫిన్‌లో గీసిన తెర నకలును పెంచాలా, అసలు కొలతలోనే ఉంచాలా అన్న ప్రశ్న మరీ ముక్కుసూటిగా ఎదురవుతుంది. ఆ యంత్రంలో గీసే తెర 640×528 పిక్సెళ్లకు మించదు. నకలును ఆ కొలతకే పరిమితం చేస్తే వెలుగు పొంగు సరిగా వస్తుంది గానీ, నీటిలో ప్రతిబింబం వంటివి మసకగా ఉంటాయి. నకలును కూడా పెంచితే ప్రతిబింబం నిగనిగలాడుతుంది, వెలుగు విడివిడి బొమ్మలుగా చీలుతుంది, ఎందుకంటే ఎంత దూరం జరిపి మసకబరచాలో ఆటలో రాసి ఉన్నది పాత కొలత ప్రకారం. ఒకే మీట రెండింటికీ సరిపోదు.

మొదటి ప్లేస్టేషన్ మాత్రం మొదటి జాతిని కూడా చిక్కుల్లో పడేస్తుంది. అందులో బిందువుల స్థానాలు లెక్క ముగిసేసరికి పూర్ణ సంఖ్యలైపోతాయి, పిక్సెల్‌కన్నా సూక్ష్మమైన భాగమేదీ మిగలదు. అందుకే ఆ ఆటల్లో గోడలు, ముఖాలు వణుకుతూ ఉంటాయి. రిజల్యూషన్ పెంచితే ఆ వణుకు తగ్గదు సరికదా, అంచులు పదునెక్కడం వల్ల ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి పీజీఎక్స్‌పీ అనే ఉపాయం కనిపెట్టారు: లెక్కలో తెగిపోయే ఆ దశాంశ భాగాన్ని ఎమ్యులేటర్ పక్కన దాచి ఉంచి, గీసేటప్పుడు తిరిగి కలుపుతుంది. ఆట ఆ సంఖ్యను ప్రాసెసర్‌లో మరోలా మార్చిందంటే మాత్రం జాడ తప్పిపోయి, ఒక బిందువు సూక్ష్మ స్థానంలో, పక్క బిందువు పూర్ణ సంఖ్య దగ్గర నిలుస్తాయి. గోడల మధ్య బీటలు కనిపిస్తాయి. అయినా ‘క్రాష్ బాండికూట్’ వంటి ఆట పెద్ద రిజల్యూషన్‌లో ఎంత బాగుంటుందో చూసినవారికి తెలుసు. ఆ పాత్ర ఒంటి మీద టెక్స్చర్లు చాలా తక్కువ, దాదాపు అంతా రంగు త్రిభుజాలే. అదే ‘ఫైనల్ ఫాంటసీ 7’ తీసుకోండి, నేపథ్యాలన్నీ ముందే గీసి పెట్టిన చిత్రాలు. వాటి మీద పదునైన మనుషులు నడుస్తుంటే రెండు వేర్వేరు ఆటలను అతికించినట్టు ఉంటుంది. గ్లిచ్ ఒక్కటీ లేదు, అయినా బొమ్మ చెడింది. దీన్ని ఏ పట్టికా సరిచేయలేదు.

కొండపల్లిబొమ్మ (విజయవాడ):

బ్రాడీపేట గారి విభజనను ఒప్పుకుంటాను, కానీ అది నా వాదనకే బలం. ప్లేస్టేషన్ 2 మీద, ముఖ్యంగా 2004 తర్వాతి ఆటల్లో, రెండో జాతి ఆదేశాలు అలంకారం కాదు. దృశ్యానికున్న స్వభావమే వాటిలో ఉంది. 2005 నాటి ‘షాడో ఆఫ్ ద కొలొసస్’ చూడండి. తెల్లగా పొంగిపొర్లే ఎండే ఆ ఆట ముఖం. ఆ ఎండను నీడ బొమ్మలుగా చీల్చి, బదులుగా రాతి అంచులను పదును చేసి ఇస్తామంటే అది లాభసాటి బేరం కాదు.

బందరురోడ్డు గారు చెప్పిన పట్టిక మీద నాకు గౌరవం ఉంది. నా అభ్యంతరం దాని పక్కనే ఉన్న చేతి సవరణల మెనూ మీద. వీడియోల్లో చెప్పినవి చూసి ఆ మెనూలోని ఎంపికలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టేస్తున్నారు. ఒక ఆట కోసం పెట్టిన అర పిక్సెల్ సవరణ అన్ని ఆటలకూ వర్తించి, బాగున్న ఆటను పాడు చేస్తుంది. ఆ తర్వాత ఎమ్యులేటర్ చెడిపోయిందని మన వేదికలోనే వారానికొకరు రాస్తున్నారు. చేతి సవరణ పెట్టగానే పట్టిక చేసే స్వయం సవరణ పక్కకు తప్పుకుంటుందని వారికి ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు. కొన్ని ఆటలు గీసిన బొమ్మను తిరిగి ప్రాసెసర్‌తో చదివిస్తాయి. ఉదాహరణకు సూర్యుడు కొండ చాటున ఉన్నాడా లేదా తెలుసుకోవడానికి ఆ చోటున్న కొన్ని పిక్సెళ్లను చదివి, దాన్నిబట్టి కంటికి తగిలే మెరుపు చూపాలా వద్దా అని నిర్ణయిస్తాయి. రిజల్యూషన్ పెంచినప్పుడు ఒక్క పిక్సెల్ స్థానంలో 16 ఉన్నాయి. ఆటకు వాటిలో దేని విలువ చెప్పాలి? పైగా గ్రాఫిక్స్ కార్డు నుంచి ప్రాసెసర్‌కు బొమ్మను వెనక్కి తేవడం ఆలస్యమయ్యే పని. వేగం కోసం దాన్ని ఆపేస్తే మెరుపు కొండలోంచి కూడా కనిపిస్తుంది, లేదా అసలే కనిపించదు. ఇక్కడ దెబ్బ తినేది బొమ్మ ఒక్కటే కాదు, ఆట తీసుకునే నిర్ణయం కూడా.

మూల ప్రోగ్రామ్, పూర్తి కాని కూర్పే అయినా, చేతిలో ఉన్నవారికే ఇది తేలిక కాలేదు. 2001 నాటి ‘సైలెంట్ హిల్ 2’ను 2012లో హెచ్‌డీ సంకలనంగా తెచ్చినప్పుడు పొగమంచు చెదిరి, దాని వెనుక దాచిన అసంపూర్ణమైన లోకపు అంచులు బయటపడి ఎంత విమర్శ వచ్చిందో గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రామ్ చూడకుండా, బయటినుంచి ఆదేశాలను మాత్రమే చూసి ఊహించే ఎమ్యులేటర్ దగ్గర మనం అంతకన్నా ఎక్కువ ఆశించడం న్యాయమేనా?

మిర్చియార్డు (గుంటూరు):

అందరికీ కృతజ్ఞతలు. కొండపల్లిబొమ్మ గారూ, మీరు చెప్పిన కారణాలన్నీ అర్థమయ్యాయి. కానీ కారణం తెలిసినంత మాత్రాన లోపం లోపం కాకుండా పోదు. మా సెల్లారులో కూర్చునే పిల్లవాడికి 8 కిలోబైట్ల పేజీల సంగతి అక్కరలేదు. తెర మీద గీత కనిపిస్తోంది, అంతే. మెనూలో 4 రెట్లు అని రాసిన చోటే ‘ఈ ఆటలో ఇది సరిపడదు’ అని ఒక ముక్క రాసి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేవాణ్నే కాదు. నా ఫిర్యాదు గీతల మీద కన్నా ఆ మౌనం మీద ఎక్కువ.

ఒక సందేహం. మొదటి జాతిని పెంచి, రెండో జాతిని అసలు కొలతలోనే ఉంచే మార్గం లేదా? లేదంటే, మెట్లు పోవాలి గానీ పదును పెరగకపోయినా పరవాలేదు అనుకునేవారికి మరో దారి ఉందా?

బ్రాడీపేట_నాలుగోలైన్ (గుంటూరు):

మీరు అడిగిన రెండూ ఉన్నాయి.

మొదటిది పీసీఎస్ఎక్స్2 ఇటీవలి కూర్పుల్లో ‘నేటివ్ స్కేలింగ్’ పేరుతో కనిపిస్తుంది. వెలుగు కోసం, మసక కోసం ఆట తెరను కుదించడం మొదలుపెట్టగానే దాన్ని పసిగట్టి, ఆ పనిని అసలు కొలతలోనే చేయడానికి ఎమ్యులేటర్ ప్రయత్నిస్తుంది; దృశ్యం మాత్రం పెద్ద రిజల్యూషన్‌లోనే ఉంటుంది. దీని సాయంతో నీడ బొమ్మలు చాలా ఆటల్లో సర్దుకుంటాయి. కానీ పసిగట్టడం అన్నారంటేనే అది ఊహ. ఆట తెరను కుదించకుండా నేరుగా పరిస్తే ఊహ పనిచేయదు.

రెండోదే నాకు ఎక్కువ నచ్చిన దారి. హాన్స్-క్రిస్టియన్ ఆర్న్‌ట్‌సెన్ 2020లో నింటెండో 64 కోసం ప్యారలెల్-ఆర్‌డీపీ, 2024లో ప్లేస్టేషన్ 2 కోసం ప్యారలెల్-జీఎస్ అనే రెండరర్లు రాశారు. ప్యారలెల్-జీఎస్‌లో బొమ్మ కొలతను పెంచాల్సిన పనే లేదు. ఒక్కో పిక్సెల్‌లో అనేక చోట్ల నమూనాలు తీసుకుని, సగటు కట్టి, ఒకే పిక్సెల్‌గా ఆటకు అప్పగిస్తుంది. ఆట దృష్టిలో తెర కొలత మారలేదు కాబట్టి పట్టీలు, అర పిక్సెళ్లు అన్నీ యథాతథంగా పనిచేస్తాయి. మెట్లు మాత్రం కరిగిపోతాయి. మొదటి ప్లేస్టేషన్‌కు డక్‌స్టేషన్ అనే ఎమ్యులేటర్‌లో పెద్దగా గీసి చివర్లో కుదించే ఎంపిక ఉంది. పద్ధతి వేరైనా చూపు దాదాపు అలాగే ఉంటుంది. గాజు టీవీ మెత్తదనానికి ఇది 4 రెట్ల పదునుకన్నా దగ్గరగా ఉంటుందని నా కంటి తీర్పు.

బందరురోడ్డు (విజయవాడ):

మెత్తగా ఉంటుంది, ఒప్పుకుంటాను. దూరంలో ఉన్న క్రికెటర్ జెర్సీ మీద అంకె చదవాలంటే మెత్తదనం పనికిరాదు. సగటు కట్టిన పిక్సెల్‌లో ఆ అంకె ఉండదు, 4 రెట్లలో ఉంటుంది. డిస్కులో ఉన్నదాన్ని చూడటం నా హక్కు అనే మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. గీత పడే ఆటకు గీత పడిందని రిజల్యూషన్ దించుకుంటాను, పడని ఆటను ఎందుకు దించాలి?

కొండపల్లిబొమ్మ గారు చేతి సవరణల మెనూ గురించి రాసినదానికి మాత్రం నా పూర్తి మద్దతు. ఆటను ముందు ఏ చేతి సవరణా లేకుండా, పట్టికను దాని పని దాన్ని చేసుకోనిచ్చి నడపాలి. ఆ తర్వాత కూడా గ్లిచ్ ఉంటే, ఆ ఒక్క ఆట సెట్టింగుల్లో మాత్రమే మార్పు చేయాలి, మొత్తం సెట్టింగుల్లో ఎన్నడూ చేయకూడదు.

మిర్చియార్డు (గుంటూరు):

కమిటీతో మాట్లాడాను. మొత్తం సెట్టింగుల్లో 3 రెట్లు పెట్టి, చేతి సవరణలన్నీ తీసేశాం. ‘షాడో ఆఫ్ ద కొలొసస్’ను అసలు రిజల్యూషన్‌కు దించాం, పెద్దవాళ్లు పెదవి విరిచారు గానీ ఎండ మాత్రం ఎండలా ఉంది. కుస్తీ ఆట, క్రికెట్ ఆట 3 రెట్లలోనే ఉంటాయి. రేసింగ్ ఆట ఒకదానిలో నిలువు గీతలు పోయాయి గానీ, కార్ల అంచుల చుట్టూ సన్నని తెల్లని నీడ ఇంకా కనిపిస్తోంది. రిజల్యూషన్ దించినా పోలేదు, ఎఫ్9 నొక్కినా పోలేదు. బందరురోడ్డు గారి లెక్క ప్రకారం ఇది ఆటలోనే ఉన్నట్టా?

కొండపల్లిబొమ్మ (విజయవాడ):

ఇంకో అనుమానితుడు మిగిలే ఉన్నాడు, మీ టీవీ. దుకాణంలో బొమ్మ కొట్టొచ్చినట్టు కనిపించాలని చాలా టీవీల్లో షార్ప్‌నెస్ ఎక్కువగా పెట్టి పంపుతారు. అది ప్రతి అంచు చుట్టూ సన్నని తెల్లని చార గీస్తుంది. ఆ చార ఉన్న చోట ఎఫ్8 నొక్కి ఎమ్యులేటర్‌తోనే స్క్రీన్‌షాట్ తీయించండి, దాన్ని ఫోనులో పెద్దది చేసి చూడండి. స్క్రీన్‌షాట్‌లో చార లేకపోతే ఆటకూ ఎమ్యులేటర్‌కూ సంబంధం లేదు. టీవీలో గేమ్ మోడ్ పెట్టి షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఉంటే ఆ స్క్రీన్‌షాట్‌నూ, డిస్కు సీరియల్ నంబరునూ ఇక్కడే పెట్టండి, చూద్దాం.